పాకం చూసిన వేళ్లు

బిడ్డా,

మీ తాత పనిచేసిన, ఇప్పుడు మూతబడిన చక్కెర ఫ్యాక్టరీ గురించి నువ్వు రాసి పంపిన పన్నెండు పేజీలు రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదో పేజీలో ఒక వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. సంక్రాంతికి మీ నానమ్మ అరిసెల పాకం చుక్కను నీళ్లలో వేసి చూసేలోపే, మీ తాత వచ్చి గరిటె మీది పాకాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి, "ఇంకొక్క నిమిషం ఆగు" అనేవాడని రాశావు. ఒక్క వాక్యమే. ఆ వెంటనే మళ్లీ తుప్పు పట్టిన గేటు దగ్గరికి వెళ్లిపోయావు.

మీ తాత బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పాన్ మీద, అంటే చక్కెర పాకం ఉడికించే పెద్ద మూత పాత్ర దగ్గర, పనిచేశాడని మూడో పేజీలో ఉంది. ఆ పని ఏమిటో మాత్రం పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు. నీకు తెలిసే ఉంటుంది, తెలుసు కాబట్టే రాయలేదేమో. చదివేవాళ్లకు తెలియదు కదా. చెరుకు రసంలో సున్నం కలిపి, గంధకం పొగ పట్టించి శుభ్రం చేస్తారు. దాన్ని చిక్కబడేదాకా మరిగిస్తారు. ఆ చిక్కటి రసం పాన్‌లోకి వస్తుంది. పాన్ లోపల గాలి తీసేస్తారు కాబట్టి తక్కువ వేడికే ఉడుకుతుంది, చక్కెర మాడదు. అక్కడ చక్కెర పలుకు కట్టాలి. కట్టిన పలుకు సమంగా పెరగాలి. తొందరపడితే పొడిలాంటి సన్న పలుకు పుట్టి, తర్వాత గిర్రున తిరిగే మిషన్లలో మొలాసిస్, అంటే మడ్డి, విడిపోక సతాయిస్తుంది. పాన్ మీది మనిషి లోపలి నుంచి కాస్త పాకం తీసి, గాజు ముక్క మీద పూసి, బల్బు వెలుతురుకు ఎత్తి చూస్తాడు. వేళ్ల మధ్య సాగదీసి చూస్తాడు. మీటర్లు ఉన్నా సరే, ఆఖరి మాట ఆ కళ్లదీ ఆ వేళ్లదీ.

అంటే సంక్రాంతినాడు మీ వంటింట్లో ఆ పెద్దాయన చేసింది తన డ్యూటీయే. రిటైరైన తర్వాత కూడా ఆ వేళ్లు డ్యూటీ దిగలేదు. ఇంత బంగారం లాంటి సంగతిని ఒక్క వాక్యంలో ఎందుకు దాటేశావు?

ఎందుకో నాకు తెలుసు. నీ వయసులో నేనూ అదే చేశాను. మా నాన్న ఒక బట్టల మిల్లులో పనిచేసేవాడు. ఆ మిల్లు పేరు, ఊరు ఇక్కడ వద్దులే. ఆయన మీద నేను రాసిన మొదటి కథ ఒక పత్రికలో వచ్చింది. అందులో కార్మికుడి చెమట ఉంది, ఆకలి ఉంది, ఎర్రజెండా ఉంది. నాన్న అరుగు మీద కూర్చుని మొత్తం చదివాడు. ఆ రోజంతా ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున టీ తాగుతూ, "బాగుందమ్మా. కానీ ఇందులో నేను లేను గదా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి అడగటం మొదలుపెట్టాను. "మిల్లులో ఎట్లా ఉండేది నాన్నా?" అంటే "ఏముంది, పని" అనేవాడు. "బాధగా ఉండేదా?" అంటే లేచి వెళ్లిపోయేవాడు. ఒకరోజు నా బ్లౌజు కుడుతూ దారం తెగింది. ఆయన చేయి చాపి రెండు కొసలూ తీసుకున్నాడు. నాతో మాట్లాడుతూనే, దారం వైపు చూడకుండానే ముడి వేశాడు. ముడి ఎక్కడుందో నా వేలికి తగలనంత సన్నగా ఉంది. "మళ్లీ వెయ్యి నాన్నా" అన్నాను. మళ్లీ వేశాడు. మెల్లగా వెయ్యమంటే మాత్రం వెయ్యలేకపోయాడు. మెల్లగా వేయడం ఆయన చేతికి తెలియదు. ఆ సాయంత్రం మొదటిసారి మిల్లు గురించి రెండు గంటలు మాట్లాడాడు. దారం పోగు తెగితే ఎన్ని క్షణాల్లో అతకాలో, అతకకపోతే జాబర్, అంటే పని చేయించే మేస్త్రీ, ఏమనేవాడో, మగ్గాల చప్పుడులో పక్కవాడితో సైగలతో ఎట్లా మాట్లాడేవాళ్లో, అన్నీ చెప్పాడు. ఆయన ఇంట్లో గట్టిగా ఎందుకు మాట్లాడతాడో నాకు ముప్పై ఏళ్ల వయసులో, ఆ రోజు అర్థమైంది. చిన్నప్పటి నుంచీ అది కోపమనుకున్నాను.

అందుకే చెబుతున్నాను. మీ తాతను "ఎట్లా అనిపించింది" అని అడగకు. "డ్యూటీకి పోగానే మొదట ఏం పట్టుకునేవాడివి?" అని అడుగు. "నీకంటే ముందు షిఫ్టువాడు దిగిపోతూ నీకేం చెప్పి పోయేవాడు?" అని అడుగు. పాన్ సగం ఉడుకుతుండగా షిఫ్టు మారితే ఆ పాకం ఎవరి పూచీ? ఇట్లాంటి ప్రశ్నకు ఆయన లేచి కూర్చుంటాడు చూడు.

ఇక నీ మొదటి పేజీ. 2015 డిసెంబరు 23, పని ఆపేస్తున్నామనే లే ఆఫ్ నోటీసు, మీ బాబాయి గేటు బయట నిలబడి ఉండటం. బాగానే రాశావు, కానీ అది మొదట రాయాల్సింది కాదు. డిసెంబరు అంటే ఆ ఊరికి ఏమిటో తెలియకుండా ఆ తేదీ ఎవరికీ గుచ్చుకోదు. డిసెంబరు అంటే క్రషింగ్, చెరుకు గానుగాడే సీజన్. చెరుకు బండ్లు, ట్రాక్టర్లు కాటా కోసం బారులు తీరే కాలం. నరికిన చెరుకు నిలవుంటే తీపి తగ్గిపోతుందని రైతుకు తొందర, ఫ్యాక్టరీకీ తొందర. గానుగలో నలిగిన పిప్పే బాయిలర్‌లో మండి, ఆ ఆవిరితోనే మళ్లీ గానుగ తిరిగేది. చెరుకు తన వంటచెరకు తానే తెచ్చుకునే ఫ్యాక్టరీ అది. ఫ్యాక్టరీ కాలనీ శక్కర్‌నగర్ క్వార్టర్లలో ఆరేసిన బట్టల మీద, వడియాల మీద పిప్పి మసి రాలేది. మీ నానమ్మ ఆ మసిని తిట్టుకుని ఉంటుంది. మసి రాలని డిసెంబరు వచ్చినప్పుడు ఆమె దండెం వైపు చూసిందా? అది రాయి. ముందు నీ పేజీల్లో ఆ ఫ్యాక్టరీ నడవాలి. ఆగిపోయిన సంగతి తర్వాత చెప్పు.

ఇంకో మాట. "స్వర్ణయుగం" అనే మాట నాలుగుసార్లు వాడావు. నాలుగూ కొట్టేశాను. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయి నీళ్లు పారాయి. 1937లో ఈ ఫ్యాక్టరీ పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. ఇదంతా నిజమే. కోస్తా నుంచి రైతులు వచ్చి, చెరుకు, వరి వేసి, క్యాంపులని పిలిచే ఊళ్లు కట్టుకున్నదీ నిజమే. కానీ క్వార్టర్ దొరికిన పర్మనెంటు కుటుంబం జ్ఞాపకం వేరు. క్రషింగ్ అయిపోగానే ఇంటికి పొమ్మంటే మళ్లీ వచ్చే సీజన్ దాకా కూలికి పోయినవాడి జ్ఞాపకం వేరు. చెరుకు నరికినవాళ్ల జ్ఞాపకం ఇంకా వేరు. మీది మొదటి రకం కుటుంబం. ఆ సంగతి దాచకుండా చెప్పు. వీలైతే సీజనల్‌గా పనిచేసిన ఒక ఇంటికి వెళ్లి, ఓపిగ్గా కూర్చుని విను.

మీ తాత చెప్పే సంవత్సరాలు తప్పవచ్చు. దాన్ని తప్పు పట్టి ఆయన్ని ఇబ్బంది పెట్టకు. ఇంట్లో ఇనప్పెట్టెలో పాత పే స్లిప్పులు, పీఎఫ్ కాగితాలు, యూనియన్ చందా రసీదులు ఉంటాయి. తేదీలు వాటిలో చూసుకో. ఆయన మాటల్ని మాత్రం ఆయన చెప్పినట్టే ఉంచు. పాన్, గ్రెయిన్, కాటా, ఓవర్‌హాలింగ్... ఉర్దూ, మరాఠీ, తెలుగు, ఇంగ్లీషు కలిసిపోయిన ఆ ఫ్యాక్టరీ భాషను "శుద్ధం" చేసి గ్రాంథికం చేయకు. నీ రెండో పేజీలో "శర్కరోత్పత్తి కర్మాగారం" అని ఉంది. ఆ మాట మీ తాత ఎప్పుడైనా అన్నాడా?

గేటు మీద తుప్పు, పిచ్చిమొక్కలు, మూగబోయిన సైరన్ గురించి నువ్వు రాసిన పేరా అందంగానే ఉంది. మూతబడిన ఏ ఫ్యాక్టరీ ముందు పెట్టినా అతుకుతుంది. అందుకే తీసెయ్యమంటున్నాను. నొప్పి కలుగుతుందని తెలుసు. నాకూ కలిగింది.

వచ్చే నెల ఊరికి పోతున్నానన్నావు. ఒక చిన్న గాజు ముక్క తీసుకుపో, అంచులు రుద్దించి. వంటింట్లో మీ తాతను పొయ్యి దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టు. పాకం పట్టు. ముదిరేదాకా ఏమీ అడగకు. గాజు ముక్క చేతికివ్వు. ఆయన దాన్ని లైటు వైపు ఎత్తినప్పుడు ఏ కన్ను మూస్తాడో, గాజును ఏ వేళ్లతో పట్టుకుంటాడో, మొదటి మాట ఏమంటాడో, ఇంటికి రాగానే ఆ రాత్రే రాసుకో. ఫోనులో రికార్డు పెట్టాలనుకుంటే ఆయన్ని అడిగి పెట్టు.

నానమ్మను మాత్రం వేరేగా, మధ్యాహ్నం వంట పని అయ్యాక అడుగు. తాత ఎదురుగా ఉంటే ఆమె నోరు విప్పదు. రాత్రి షిఫ్టు వారాల్లో పగలు ఆయన నిద్రపోతుంటే పిల్లల్ని అరవకుండా ఎట్లా ఆపేదో ముందు అది అడుగు.

రాసింది పంపు. దిద్దుకోకుండానే పంపు, నేను చూస్తాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ లాంటి ఒక రచయిత్రి