పాఠకుల ప్రశ్న: హద్దుకు అటూ ఇటూ ఆలుమగలు

ప్రశ్న: ఇజ్రాయెల్ యూదు యువతి, వెస్ట్ బ్యాంక్ పాలస్తీనా ముస్లిం యువకుడు పెళ్లాడితే ఇజ్రాయెల్ నగరం హైఫాలో కాపురం పెట్టవచ్చా?

జవాబు: పెళ్లి ఎలాగోలా అవుతుంది, కాపురం దగ్గరే చిక్కు. ఇజ్రాయెల్‌లో మతాంతర వివాహాలు సాధారణంగా జరిపించరు. అందుకే చాలామంది సైప్రస్ వెళ్లి చేసుకొస్తారు; ఆ పెళ్లిని ఇజ్రాయెల్‌లో నమోదు చేస్తారు. కానీ 2003 నాటి ‘తాత్కాలిక’ చట్టం (2021లో గడువు తీరితే 2022లో మళ్లీ తెచ్చారు, అదీ తాత్కాలికం!) భర్తకు పౌరసత్వ దారి మూసేసింది. అతనికి 35 దాటితే నివాస పర్మిట్ అడగొచ్చు; పాలస్తీనా మనిషి భార్య అయితే 25 దాటాలి. కలిసి ఇజ్రాయెల్‌లోనే ఉంటున్నారనడానికి అద్దె ఒప్పందం, కరెంటు బిల్లులు, మున్సిపల్ పన్ను రసీదులు దాచుకోవాలి. ఎక్కువగా బెడిసేది భద్రతా తనిఖీలో. అతనిపై మచ్చ లేకున్నా, దగ్గరి బంధువుపై అనుమానం చాలు, తిరస్కరించడానికి. గాజా వాళ్లకు 2008 నుంచి ఆ పర్మిట్ దారీ లేదు.