ఎముకల సర్జన్‌తో కలిసి రోగులను చూసి, ఆపరేషన్లలో సాయపడే ఆర్థోపెడిక్ ఫిజిషియన్ అసిస్టెంట్ పని ఎలా ఉంటుంది? ఇంటికి సమయం మిగులుతుందా?

అమెరికాలో ఈ దారి పట్టాలంటే డిగ్రీ తర్వాత సుమారు 27 నెలల మాస్టర్స్ కోర్సు, ఆపైన 300 ప్రశ్నల పాన్స్ (PANCE) అనే జాతీయ సర్టిఫికెట్ పరీక్ష, రాష్ట్ర లైసెన్సు కావాలి. సర్టిఫికెట్ నిలబెట్టుకోవడానికి రెండేళ్లకోసారి 100 సీఎంఈ (ఉద్యోగంలో ఉంటూ కొనసాగించే వైద్య విద్య) క్రెడిట్లు. ఎముకల విభాగానికి రెసిడెన్సీ (చదువు తర్వాత ఆస్పత్రిలో ప్రత్యేక శిక్షణ) తప్పనిసరి కాదు, అసలు చదువు సర్జన్ పక్కన నిలబడి నేర్చుకునేదే.

క్లినిక్ రోజున ఎక్స్‌రేలు చూడటం, మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, కుట్లు తీయడం. ఆపరేషన్ రోజున కాలిని సరైన భంగిమలో ఉంచడం, కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టడం, చివర్లో గాయం మూయడం.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది కట్టు దగ్గర. తాజా దెబ్బకు వాపు ఇంకా పెరుగుతుంది, అందుకే సాధారణంగా మొదట వాపుకు చోటిచ్చే స్ప్లింట్ (చుట్టూ మూసుకోని పట్టీ) వేస్తారు. చుట్టూ బిగిసే గట్టి కట్టు, అంటే కాస్ట్, తర్వాతి మాట. మందులకు లొంగని నొప్పి ఉండి, వేళ్లను మనం చాపితే అది భరించలేనంత పెరిగితే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్‌ను (కండరాల లోపల ఒత్తిడి పెరిగి రక్తం అందకపోవడం) అనుమానించాలి. కట్టును చర్మం దాకా పూర్తిగా విప్పి, వెంటనే సర్జన్‌ను పిలవాలి. నాడి అందుతోంది కదా అని ఆగితే కండరం చచ్చిపోతుంది, ఎందుకంటే నాడి పోయేది చాలా ఆలస్యంగా.

ఇల్లు, పిల్లల సంగతి జీతం కన్నా ఆన్‌కాల్ (పిలిస్తే స్పందించాల్సిన డ్యూటీ) మీదే ఆధారపడుతుంది. కీళ్ల మార్పిడి ఆపరేషన్లు చాలావరకు ముందే తేదీ ఖాయమైనవి. ట్రామాలో, అంటే ప్రమాదాల దెబ్బల విభాగంలో, రాత్రులు, వారాంతాలు పోతాయి. నెలకు ఎన్ని రాత్రులు, ఫోన్‌లో సలహా సరిపోతుందా లేక ఆస్పత్రికి రావాలా, మర్నాడు సెలవుందా అన్నవి ఇంటర్వ్యూలోనే అడిగి ఒప్పందంలో రాయించుకోండి. ఆపరేషన్‌లో ఎక్స్‌రే నుంచి రక్షణకు వేసుకునే సీసపు ఏప్రాన్ బరువుకు నడుము పట్టేస్తుంది, లంగా, జాకెట్‌గా విడిగా ఉన్నది ఎంచుకుంటే భుజాల మీద భారం తగ్గుతుంది.