గాడిద కుంటుతోందా, ముందు గిట్టలు చూడండి

ఐర్లండ్‌లోని క్లేర్ కౌంటీలో మీ గాడిదకి పచ్చిక పుష్కలంగా ఉన్నా కుంటుతోందని, వానకి వణుకుతోందని రాశారు కదండీ. నాకైతే ఆ పచ్చికా ఆ వానే అసలు సమస్య అనిపిస్తోంది. గాడిద పొడి నేలల జీవి, దాని బొచ్చు గుర్రం బొచ్చులా నీళ్లని ఆపదు, ఐర్లండ్ పడమటి తీరంలో పట్టే ముసురుకి చర్మం దాకా తడిసిపోతుంది, అందుకే పొడిగా ఉండే కొట్టం తప్పనిసరి. ఒకప్పుడు టర్ఫ్ (పొయ్యిలో కాల్చే ఎండు బురదమట్టి) గంపలు మోస్తూ రాతి దారుల్లో నడుస్తుంటే గిట్టలు వాటంతటవే అరిగేవి. ఇప్పుడు పనిలేక బురదలో నిలబడి పెరిగిపోతున్నాయి.

కాలు ఎత్తి, గిట్ట అడుగున మట్టి గీకి చూడండి. నల్లగా పొడిపొడిగా రాలుతున్నా, కంపు కొడుతున్నా కుళ్లు పట్టినట్టే. గిట్ట వేడిగా ఉండి అడుగు వేయడానికే భయపడుతుంటే లామినైటిస్ (గిట్ట లోపలి వాపు) కావచ్చు, ఆవుల కోసం పెంచిన బలమైన పచ్చికతో వచ్చేది అదే, ఇక ఆలస్యం చేయకుండా పశువుల డాక్టర్ని పిలవండి. పచ్చిక నుంచి తప్పించి శుభ్రమైన ఎండు బార్లీ గడ్డి వేయండి, పళ్లు బాగుంటే అదే మంచి మేత. పస్తు మాత్రం అస్సలు పెట్టకండి! గాడిద తిండి మానేస్తే రక్తంలో కొవ్వు పెరిగి ప్రాణానికే ముప్పు.

గిట్టలు 6 నుంచి 10 వారాలకోసారి ఫారియర్‌తోనే (గిట్టలు చెక్కే పనివాడు) చెక్కించండి, మీరు కత్తి పట్టొద్దు. కార్క్ కౌంటీ లిస్‌కారల్‌లో డాంకీ శాంక్చురీ అని గాడిదల సంరక్షణ సంస్థ ఉంది, వాళ్లనీ సలహా అడగండి.