తలకట్టు విడిగా ఉండనీ

చిన్నీకి పెదనాన్న ఆశీస్సులు.

లైట్ (సన్నం), బోల్డ్ (లావు) సోర్సులు రెండూ కలిపి, సన్నం నుంచి లావు దాకా ఒకే ఫైల్లో సాగే తెలుగు వేరియబుల్ ఫాంటు చేస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మన ఇంటి పిల్ల అక్షరాలు చేస్తోందంటే సంతోషం కాదూ! ఆ వెంటనే గుండెలో రాయి పడింది. ఒకటి ఫాంట్‌ఫోర్జ్ ఫైలు, ఇంకోటి గ్లిఫ్స్ ఫైలు: గీసిన సాఫ్ట్‌వేర్లూ వేరు, గీసిన చేతులూ వేరు. ఊరికే పొసగవు. రెంటిలో ప్రతి అక్షరం గీతలూ బిందువులూ ఒకదానికొకటి సరిపోతేనే కదా నడిమి లావులు పుట్టేది.

అసలు ఫైళ్లు రెండూ వేరే డ్రైవులో కాపీ పెట్టు. పెట్టాకే మిగతాది చదువు. రెంటినీ ఫాంటు సాఫ్ట్‌వేర్లు ఇచ్చిపుచ్చుకునే యూఎఫ్‌ఓ 3 ఫార్మాట్‌లోకి తెచ్చుకో.

అక్షరం గీసే చదరం కొలత, అదే ఎమ్ సైజు, ఒకదాంట్లో 1000, ఇంకోదాంట్లో 2048 ఉంటే రెండూ 1000 చెయ్యి. ఫాంట్‌ఫోర్జ్‌లో అంకె మార్చేటప్పుడు 'స్కేల్ అవుట్‌లైన్స్' టిక్కు ఉండాలి. లేకపోతే అక్షరాలు రెండింతలు ఉబ్బుతాయి. గ్లిఫ్ (అక్షర రూపం) పేర్లు రెంటిలోనూ ఒకటి చెయ్యి. వంపుల్ని క్యూబిక్‌గానే ఉంచు. మాస్టర్లను, అంటే ఆ లైట్, బోల్డ్ సోర్సుల్ని, విడివిడిగా ట్రూటైప్ వంపుల్లోకి మారిస్తే బిందువుల లెక్క దేనికదే అవుతుంది. ఆ పని ఫాంటు బిల్డు చేసే ఫాంట్‌మేక్‌కి వదిలేస్తే అన్నీ కలిపి ఒకేసారి మారుస్తుంది.

ఇక నా భయమంతా ఒకదాని మీద ఒకటి పడ్డ గీతల్ని కలిపేసే 'రిమూవ్ ఓవర్‌ల్యాప్' గురించే. అవుట్‌లైన్ శుభ్రంగా కనబడాలని ఎవరో ఒకరు అది నొక్కేసి ఉంటారు. లైట్‌లో క తలకట్టు విడి కంటూరు (మూసిన గీత). బోల్డ్‌లో గీత లావు, తలకట్టు ఒంటికి తగులుతుంది. నొక్కగానే రెండూ అతుక్కుని ఒకటే కంటూరు అవుతాయి. ఇక ఆ రెండు క-లకీ లంకె కుదరదు. ఒక్క క-తో పోదు తల్లీ: గ, చ, త, ద, న, ప, మ అన్నీ అంతే. వత్తులు ఇంకో లెక్క. అతికినదాన్ని కత్తిరించి సరిచేద్దామనుకోకు, కోసిన చోట బిందువులు మళ్లీ కుదరవు. బోల్డ్ క తీసేసి, లైట్ క-ని అక్కడ అతికించి, ఒక్కో బిందువునీ బోల్డ్ కొలతకి జరుపు. విసుగే, కానీ దగ్గరి దారి అదే. తలకట్టుని ఒక్కసారి గీసి అదే బొమ్మని అన్నింట్లో కాంపొనెంటుగా పెట్టుకుంటే సగం చాకిరీ తప్పుతుంది. పలక మీద క రాసి తలకట్టు మరిచిపోయేదానివి, గుర్తుందా? ఇప్పుడు దానికే ఇంత కథ.

కంటూర్ల లెక్క తప్పితే బిల్డు ఆగి తిడుతుంది, అది నయం. లెక్క సరిపోయి మొదటి బిందువు చోటు మారితే మాట్లాడకుండా బిల్డయిపోతుంది. లైట్ 300 దగ్గరా బోల్డ్ 700 దగ్గరా చక్కగా ఉన్న అక్షరం నడిమి లావు 500 దగ్గర పిండిన బట్టలా మెలిపడుతుంది. అందుకే బిల్డుకి ముందే ఫాంట్‌టూల్స్‌లోని 'వార్‌లిబ్ ఇంటర్‌పొలేటబుల్' అనే తనిఖీ నడుపు. కంటూర్ల వరస, మొదటి బిందువు రెండూ అదే పట్టిస్తుంది.

అక్షరాలు కలిసే నియమాలుండే ఫీచర్ల ఫైలు పాతదైతే అందులో తెలుగు లిపికి పాత గుర్తు 'టెలు' ట్యాగు ఉంటుంది. దాన్ని కొత్త గుర్తు 'టెల్2' అని మార్చి ఊరుకునేవు! పాత పద్ధతిలో వత్తు నియమం హల్లు ముందు, పొల్లు తర్వాత. కొత్తదాంట్లో పొల్లు ముందు, హల్లు తర్వాత. తిప్పి రాయకపోతే 'అక్క' పొల్లుతో విడిపోతుంది.

రాత్రి రెండింటిదాకా కూర్చుంటున్నావట, మీ అమ్మ చెప్పింది. బిందువులు జరిపే పని నిద్రకళ్లతో చెయ్యకు. శ్రీ, స్త్రీ, రాష్ట్రం, సాఫ్ట్‌వేర్, కృష్ణ: ఇవి 300, 500, 700 మూడింట్లోనూ 12 పాయింట్లలో కాగితం మీద ప్రింటు తీసి పంపు. తెర మీది బొమ్మలు పంపకు, నాకు చాలవు.

మీ పెదనాన్న