‘పచ్చకాళ్ల పిట్ట’ అంటే ఏ రంగు కాళ్లు?

సందేహం: పిల్లల కోసం దక్షిణ అమెరికా పక్షుల గురించి రాస్తున్నాను. అక్కడి హనీక్రీపర్లలో (పూలతేనె తాగే చిన్న పిట్టలు; ‘హనీ’ అంటే తేనె, ‘క్రీపర్’ అంటే పాకేది) దగ్గరి చుట్టాలైన రెండు జాతులున్నాయి. మగపిట్టల్లో ఒకదానికి ఎర్రటి కాళ్లు, ఇంకోదానికి పసుపు కాళ్లు. ‘ఎర్రకాలి తేనెపాకుడు పిట్ట’, ‘పచ్చకాలి తేనెపాకుడు పిట్ట’ అనవచ్చా?

సమాధానం: ముందు ‘పాకుడు’ తీసేయండి. ఆ మాట వినగానే తెలుగువాళ్లకు బావిమెట్ల మీద కాలు జారే నాచు గుర్తొస్తుంది. ‘తేనెపిట్ట’ అనే చక్కటి మాట మనకుంది. మన పెరట్లో మందారాల చుట్టూ తిరిగే తేనెపిట్టల కుటుంబం వేరు, ఇవి అమెరికా ఖండాల్లో ఉండే టానేజర్లనే పిట్టల కుటుంబంలోవి. అయినా వంపు తిరిగిన ముక్కుతో పూలతేనె తాగే పనిని బట్టి వచ్చిన పేరు కదా, ‘అమెరికా తేనెపిట్ట’ అంటే సరిపోతుంది.

కాళ్లను బట్టి పేరు పెట్టాలన్న మీ ఆలోచన నాకు చాలా నచ్చింది. ఒంటి రంగుతో అయితే కన్ఫ్యూజన్ తప్పదు. రెండు జాతుల మగపిట్టలూ ఊదా కలిసిన నీలమే, రెక్కలు నలుపే. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో పసుపుకాళ్లదానికి ‘సెరూలియా’ అని, 1766లో ఎర్రకాళ్లదానికి ‘సయానియా’ అని శాస్త్రీయ నామాల్లో పేర్లు పెట్టాడు. రెండింటికీ అర్థం నీలమే!

అసలు చిక్కు ‘పచ్చ’ దగ్గర ఉంది. పచ్చకామెర్లలో పచ్చ పసుపు, పచ్చగడ్డిలో ఆకుపచ్చ. మామూలుగా సందర్భమే తేల్చేస్తుంది. ఇక్కడ తేల్చదు, ఎందుకంటే రెండు జాతుల ఆడపిట్టలూ ఆకుపచ్చగా ఉంటాయి. ‘పచ్చకాళ్లు’ అంటే పిల్లలు కాళ్లకూ ఆకుపచ్చ రంగే వేస్తారు. ‘పసుపుకాళ్ల’ అనే రాయండి.

‘కాలి’ కాదు, ‘కాళ్ల’. ముక్కు ఒకటే కాబట్టి ‘ఎర్రముక్కు’ అంటాం. జంటగా ఉండేవాటికి బహువచనమే మన నోటికి వస్తుంది: పొడుగుకాళ్ల మనిషి, పిల్లికళ్ల అమ్మాయి. ‘ఎర్రకాలి పిట్ట’ అంటే ఒక కాలే ఎర్రగా ఉందేమో అనిపిస్తుంది.

‘ఎర్రకాళ్ల తేనెపిట్ట’, ‘పసుపుకాళ్ల తేనెపిట్ట’. వ్యాసంలో ఇంకో రెండు గుర్తులు కూడా చెప్పండి: మొదటిదాని మగపిట్టకు నడినెత్తిన మెరిసే లేతనీలం, రెండోదాని మగపిట్టకు నల్లటి గొంతు. గుడ్లుపెట్టే కాలం దాటాక ఎర్రకాళ్ల మగపిట్ట నీలి ఈకలు రాల్చి ఆడపిట్టలా ఆకుపచ్చగా మారుతుంది. రెక్కలు మాత్రం నల్లగానే ఉంటాయి, కాళ్లు ఎర్రగానే ఉంటాయి.