చోకు పడితే చెయ్యి కాదు, ముందు తాళం

ప్రశ్న: మాది పరకాల దగ్గర పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగు మిల్లు. సీజన్‌కు బిహార్, ఒడిశాల నుంచి కొత్త కూలీలు వస్తారు. జిన్నులో పత్తి ఇరుక్కుని చోకు పడితే మిషన్ ఆపకుండానే చెయ్యి పెట్టి లాగుతున్నారు. ఎంత చెప్పినా వినరు. శిక్షణ ఎట్లా ఇవ్వాలి?
– ఒక సూపర్‌వైజర్

జవాబు: మిషన్ ఆపితే మేస్త్రీ అరుస్తాడని భయం ఉన్నన్నాళ్లు ఎవరూ వినరు. చోకు తీయడానికి ఆపినవాణ్ని ఒక్క మాట అనొద్దని ముందు మేస్త్రీకి గట్టిగా చెప్పండి. అది లేకుండా ఎన్ని క్లాసులు పెట్టినా దండుగే.

ఆగి ఉన్న జిన్ను ముందే నిలబెట్టి, వాళ్ల భాష వచ్చిన పాత కూలీతో చెప్పించండి. మొదట పత్తి పోయడం ఆపాలి, తర్వాత బటన్‌తో మోటారు ఆపాలి. అక్కడితో వదిలేస్తేనే ప్రమాదం. ప్యానెల్ దగ్గరున్నవాడికి లోపల మనిషి చెయ్యి ఉన్న సంగతి తెలియదు, మళ్లీ నొక్కేస్తాడు. అందుకే ఆ మిషన్‌కు కరెంటు పూర్తిగా తెంచే మీట, అంటే ఐసొలేటర్ దించి తాళం వేయాలి. తాళంచెవి చోకు తీసేవాడి జేబులోనే ఉండాలి. అందరూ దూరం జరిగాక స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కి చూడాలి, మిషన్ కదలకపోతేనే సరైన ఐసొలేటర్ దించినట్టు. వరుసగా ఉన్న జిన్నుల్లో పక్కదాని ఐసొలేటర్ దించేయడం మామూలే. కాబట్టి మోటారుకూ ప్యానెల్‌కూ ఒకే నంబరు పెద్దగా రాయించండి.

కరెంటు తీసినా, పత్తిలో చెత్త దులిపే ప్రీక్లీనర్ బీటరు తన బరువుకు కాసేపు తిరుగుతూనే ఉంటుంది. పుల్లీ పూర్తిగా నిలిచేదాకా మూత తీయొద్దు. పత్తిని కొక్కెం కడ్డీతో లాగాలి. ఒకడు రోలరును చేత్తో తిప్పుతుంటే ఇంకొకడు వేలు పెట్టకూడదు, మిషన్ ఆగినా రోలరును ఆనుకుని ఉన్న కత్తి కత్తే. గార్డులు బిగించాక, తాళం వేసినవాడే తీయాలి.

ఇదంతా తన చేత్తో చేసి చూపించినవాణ్నే జిన్ను దగ్గర పెట్టండి. తేదీ, సంతకం లేదా వేలిముద్ర రిజిస్టర్లో ఉండాలి. నడుస్తున్న ట్రాన్స్‌మిషన్ (షాఫ్టులు, పుల్లీలు, బెల్టులు) దగ్గర పని ప్రత్యేక శిక్షణ పొంది, రిజిస్టర్‌కెక్కి, బిగుతు బట్టలు వేసుకున్నవాడే చేయాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నియమం. ఆ బట్టలు యాజమాన్యమే ఇవ్వాలనీ అందులో ఉండేది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ వచ్చింది. దానికి విరుద్ధం కాని పాత నిబంధనలు కొత్తవి వచ్చేదాకా నడుస్తాయి.

ఇంకోమాట. తడి పత్తి రోలరుకు చుట్టుకుంటుంది. ఆరబెట్టి పోస్తే చోకులే తగ్గుతాయి.

ప్రశ్న: జమ్మికుంటలో జిన్నింగు కూలీని. వారం సెలవు తర్వాత పనికెక్కిన రోజు ఛాతీ పట్టేస్తుంది, మర్నాటికి తగ్గుతుంది. దస్తీ కట్టుకుంటున్నా. మాస్కు ఇస్తే కూలీలో కోస్తారట. నిజమేనా?

జవాబు: కోయకూడదు. కార్మికుల భద్రత కోసం చేసే దేనికీ, వైద్య పరీక్షలతో సహా, వాళ్ల దగ్గర డబ్బు తీసుకోవద్దని వృత్తి భద్రత కోడ్ చెబుతోంది.

మీరు చెప్పిన లక్షణం మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు. సెలవు తర్వాత మొదటి రోజే ఛాతీ బిగియడం పత్తి దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్‌కు గుర్తు. చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి అది. ఊపిరితిత్తుల డాక్టరుకు జిన్నింగు పని అని తప్పక చెప్పండి, లేకపోతే ఆస్తమా మందులు రాసి పంపిస్తారు. ఆ మొదటి రోజు డ్యూటీకి ముందు ఒకసారి, దిగాక ఒకసారి ఊది చూసే స్పైరోమెట్రీ చేయించుకుంటే తేడా తెలుస్తుంది. బీడీ ఉంటే మానేయండి.

దస్తీ పోగుల్ని ఆపుతుంది, సన్న దుమ్మును ఆపదు. ముఖానికి అంటుకుని ఉండే ఎన్-95 మాస్కు కావాలి. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది. ఊపిరి తీయడం బరువైతే మార్చేయండి. కంప్రెసర్ గాలితో దుమ్ము ఊదడం మానిపించమనీ, చిల్లులుపడ్డ సక్షన్ గొట్టాలు బాగుచేయించమనీ యాజమాన్యానికి రాసివ్వండి. కదలిక లేకపోతే ఆ కాగితం నకలుతో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయండి.