పురిటికి డల్లాస్ ప్రయాణం: సీటు కోసం ఇంకో రెండు లక్షలు పెట్టాలా?

ప్రశ్న: నా వయసు 66. తెనాలిలో ఉంటాం. హెడ్మాస్టరుగా రిటైరయ్యాను, పెన్షన్ నెలకు 46 వేలు. మా ఆవిడకు 62. మోకీళ్ళు అరిగాయి, బీపీకి మాత్ర వేసుకుంటుంది. డల్లాస్‌లో ఉన్న అమ్మాయికి ఫిబ్రవరిలో పురుడు. జనవరిలో వెళ్ళి జూన్‌లో తిరిగి రావాలనుకుంటున్నాం. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా రానూపోనూ ఎకానమీ టికెట్ మనిషికి 1,32,000, ప్రీమియం ఎకానమీ 2,38,000 చూపిస్తోంది. అల్లుడు "మామయ్యగారూ, ప్రీమియంలోనే రండి, తేడా నేను కడతాను" అంటున్నాడు. ఆయన చేత పెట్టించడం నాకు మనసొప్పడం లేదు. సీనియర్ సిటిజన్ స్కీములో 15 లక్షలు, బ్యాంకు ఎఫ్‌డీల్లో 9 లక్షలు ఉన్నాయి. అందులోంచి తీయమంటారా? మా ఆవిడేమో "కూర్చునే కుర్చీకి రెండు లక్షలా, ఆ డబ్బుతో పుట్టబోయే బిడ్డకు గొలుసు చేయిద్దాం" అంటోంది.

జవాబు: మాస్టారూ, అమ్మాయికి సుఖప్రసవం కావాలని కోరుకుంటున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెళ్ళేటప్పుడు దుబాయ్ నుంచి డల్లాస్ దాకా ఇద్దరూ ప్రీమియం ఎకానమీలో, అంటే ఎకానమీకీ బిజినెస్ క్లాసుకీ మధ్య తరగతిలో, వెళ్ళండి. వచ్చేటప్పుడు ఎకానమీ చాలు. ఆ తేడా మీ అల్లుడుగారిని కట్టనివ్వండి. మీ స్కీము జోలికి మాత్రం వెళ్ళొద్దు.

ముందు ఆ సీటు ధర సంగతి చూద్దాం. స్థలం కొనేటప్పుడు గజం ఎంత అని అడుగుతాం కదా, సీటుకూ అదే లెక్క వేయొచ్చు. దుబాయ్ నుంచి అమెరికా వెళ్ళే పెద్ద విమానాల్లో ఎకానమీలో వరుసకు పది సీట్లు: కిటికీల వైపు మూడేసి, మధ్యలో నాలుగు. ప్రీమియంలో అదే వెడల్పులో ఎనిమిదే. వరుసకీ వరుసకీ మధ్య దూరం ఎకానమీలో 31, 32 అంగుళాలుంటే ప్రీమియంలో 38 నుంచి 40 దాకా ఉంటుంది. రెండూ కలిపితే మీకు దక్కే జాగా ఒకటిన్నర రెట్లు. మీకు చెప్పిన ధర మాత్రం 1.8 రెట్లు. జాగాకు తగ్గ ధరైతే టికెట్ 1,98,000 దగ్గర ఆగాలి. ఆ పైన 40 వేలు మంచి భోజనానికి, వేరే చెక్-ఇన్ క్యూకి, పన్నుకి పోతున్నాయి. పన్ను చిన్నదేం కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎకానమీ టికెట్ మీద జీఎస్టీ 5 శాతం ఉంటే, ఆ పై తరగతుల మీద 12 నుంచి 18 శాతానికి పెరిగింది.

ఇంకో లెక్క గంటలది. దుబాయ్ నుంచి డల్లాస్‌కి 16 గంటల పైమాటే. తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి 15 గంటలకు కాస్త అటూ ఇటూ. రెండూ కలిపి 31 గంటలనుకుంటే మనిషికి 1,06,000 తేడా గంటకు దాదాపు 3,400 పడుతుంది. ఇంత పెట్టినా అది పడక కాదు, గుర్తుంచుకోండి. బిజినెస్ క్లాసులోలా నడుం వాల్చలేరు. కుర్చీ ఇంకాస్త వెనక్కి వాలుతుంది, పిక్కల కింద ఆనుకోవడానికి చిన్న పలక ఉంటుంది, మోకాలు ముందు సీటుకి తగలదు. అంతే.

మోకాలు తగలకపోవడం మీకూ నాకూ చిన్న విషయం. అరిగిన మోకీలుకి చిన్నది కాదు. మా అమ్మ ఒకసారి ఎకానమీలో అమెరికా వచ్చింది. దిగే ముందు సీటు కింద నుంచి చెప్పులు తీసి కాలు దూర్చబోతే దూరలేదు. పాదాలు అంతగా వాచాయి. మడమలు చెప్పుల బయటే పెట్టుకుని, వేళ్ళతో ఈడ్చుకుంటూ ఇమిగ్రేషన్ క్యూ దాకా నడిచింది. నడుమ "నేను బాగానే ఉన్నాను, నువ్వు పాస్‌పోర్టులు చూసుకో" అంటూనే ఉంది. అప్పటి నుంచి పెద్దవాళ్ళ టికెట్ల ప్రశ్న ఎవరు పంపినా నేను మొదట మోకీళ్ళ సంగతే చూస్తున్నాను.

రక్తం గడ్డకట్టడం గురించి మీరు వినే ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణంలో ఆ ముప్పు రెండింతలవుతుంది. అయినా ఆరోగ్యవంతుల్లో అది దాదాపు 6,000 మందిలో ఒకరికే. ఇది ఎకానమీ వాళ్ళ జబ్బేం కాదు. కదలకుండా కూర్చుంటే బిజినెస్ క్లాసులోనూ వస్తుంది. కాబట్టి ప్రీమియం కొన్నా లేచి నడవడం తప్పదు, వెళ్ళేటప్పుడు ఇద్దరూ నడవా పక్క సీట్లే అడగండి. బిగుతు మేజోళ్ళు వేసుకోవాలా అన్నది ఆవిడను చూసే డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.

మరి రానూపోనూ ఎందుకు వద్దంటున్నాను? వెళ్ళే రోజుకీ వచ్చే రోజుకీ మీ ఇంట్లో చాలా తేడా ఉంది. డల్లాస్‌లో దిగిన మర్నాటి నుంచి ఆవిడ పనిలో పడతారు. నెలలు నిండిన అమ్మాయికి వండిపెట్టాలి. తర్వాత పథ్యం, చంటిబిడ్డకు నూనె రాసి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయడం, రాత్రిళ్ళు మేలుకోవడం. ఆ నీళ్ళు పోసే పని సాగేది ఆ మోకీళ్ళ మీదే. జూన్‌లో తెనాలి చేరాక వారం రోజులు మంచం మీద ఉన్నా అడిగేవాళ్ళు లేరు. అందుకే డబ్బు వెళ్ళేటప్పుడే పెట్టమంటున్నాను. ఒకవైపు ప్రీమియం, ఇంకోవైపు ఎకానమీ కలిపి ఒకే టికెట్‌గా చాలా సంస్థలు ఇస్తాయి. తేడా సరిగ్గా సగానికి దిగకపోవచ్చు గాని మనిషికి 53 వేలకు అటూ ఇటూగా వస్తే, ఇద్దరికీ కలిపి లక్షా ఆరు వేలు. అంతకు బాగా మించితే వేరే తేదీలు చూడండి.

ఆవిడ ఒక్కరికే ప్రీమియం కొని, మీరు వెనక ఎకానమీలో కూర్చుంటానంటారేమో. చాలామంది మగవాళ్ళు అలాగే అడుగుతారు. అది కుదరదు మాస్టారూ. మీరు ముందు తరగతిలోకి పదే పదే వెళ్తే సిబ్బంది ఒప్పుకోరు. కొత్త మనుషుల మధ్య, ఏం అడగాలో ఎలా అడగాలో తెలియక, ఆవిడే గంటకోసారి మిమ్మల్ని వెతుక్కుంటూ వెనక్కి వస్తారు. మాత్ర వేళకు వేసుకున్నారో లేదో మీకు తెలియదు. 53 వేలు మిగులుతాయి గాని ఇద్దరికీ కునుకు ఉండదు.

టికెట్ కొనే ముందు ఒక్కటి తప్పకుండా చూడండి. ప్రీమియం అని డబ్బు తీసుకున్నంత మాత్రాన దారంతా ప్రీమియం అని కాదు. ఖతార్, ఎతిహాద్ విమానాల్లో అసలీ తరగతే లేదు. ఎమిరేట్స్‌లో ఉంది గాని అన్ని విమానాల్లో లేదు. హైదరాబాద్ నుంచి దుబాయ్ నాలుగు గంటలే, అక్కడ లేకపోయినా నష్టం లేదు. పెద్ద ప్రయాణం ముక్కలో ఉండి తీరాలి. బుకింగ్ పేజీలో విమానం నంబరు కింద ఒక్కో ముక్కకు ఏ తరగతో విడిగా రాసి ఉంటుంది. అమ్మాయిని ఆ పేజీ ఫొటో తీసి పంపమనండి, మీరే కళ్ళారా చూసుకోండి.

నాకు ఇందులో దెబ్బ తగిలింది కాబట్టి చెబుతున్నాను. ఓ ప్రయాణంలో ప్రీమియం కొన్నాక ఆఖరి నిమిషంలో విమానం మార్చారు. కొత్తదాంట్లో ఆ తరగతే లేదు. ఎకానమీలో కూర్చోబెట్టి, డబ్బు తర్వాత చూద్దామన్నారు. నాలుగు నెలలు ఈమెయిళ్ళు రాస్తే గాని రాలేదు. మన దేశపు సంస్థలైతే 2023 ఫిబ్రవరి 15 నుంచి మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం వర్తిస్తుంది. ప్రయాణికుడి ప్రమేయం లేకుండా కింది తరగతికి దింపితే అంతర్జాతీయ ప్రయాణంలో 1,500 కిలోమీటర్ల దాకా టికెట్ సొమ్ములో 30 శాతం, 3,500 దాకా 50 శాతం, అంతకు మించితే 75 శాతం వెనక్కి ఇవ్వాలి. ఏ సంస్థ విమానమైనా సరే, అమెరికాకు వెళ్ళేదైతే తేడా డబ్బు వాపసు ఇవ్వాలని అక్కడి రవాణా శాఖ నియమం ఉంది. మీకలా జరిగితే బోర్డింగ్ పాస్ పారేయకండి. ఏ సీటులో కూర్చున్నారో దాని మీదే ఉంటుంది.

ఇక డబ్బు ఎక్కడి నుంచి అన్నది. సీనియర్ సిటిజన్ స్కీములో ఉన్న 15 లక్షలకు 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి మీకు 30,750 వస్తోంది. రానూపోనూ ప్రీమియం తేడా 2,12,000 అంటే దాదాపు ఇరవై ఒక్క నెలల వడ్డీ. పైగా ఆ స్కీములో కావలసినంత మాత్రం తీసుకునే వీలు లేదు. తీస్తే ఆ ఖాతా మొత్తం మూయాలి. ఏడాది దాటి రెండేళ్ళు నిండకపోతే అసలులో 1.5 శాతం, రెండేళ్ళు నిండితే 1 శాతం కోస్తారు. ఏడాది లోపైతే ఇచ్చిన వడ్డీ అంతా వెనక్కి పట్టుకుంటారు. 15 లక్షల మీద 1.5 శాతమంటే 22,500. సీటు కోసం అంత పని వద్దు.

ఎఫ్‌డీల సంగతి చూస్తే, ఎకానమీ టికెట్లు మీరే కొంటారు కాబట్టి 2,64,000 అక్కడి నుంచే పోతుంది. మిగిలేది 6,36,000. రేపు ఆవిడ మోకీలు ఆపరేషన్ చేయించాలన్నా, ఇంకేదైనా ఆపదొచ్చినా మీ చేతిలో ఉండే డబ్బు అదే. దాంట్లోంచి ఒక్క రూపాయి కూడా సీటుకు వాడొద్దని గట్టిగా చెబుతున్నాను.

అంటే మిగిలింది అల్లుడుగారి మాటే. అల్లుడి సొమ్ము ముట్టకూడదన్న మీ పట్టింపు నాకు అర్థమవుతుంది, మా నాన్నకూ అలాగే ఉండేది. కానీ మీరు చుట్టం చూపుకి వెళ్ళడం లేదు. అయిదు నెలలు ఆ ఇంటిని ఇద్దరూ భుజాన వేసుకోబోతున్నారు. బిడ్డను చూసుకోవడానికి అక్కడ మనిషిని పెట్టుకుంటే గంటల లెక్కన డాలర్లు పోయాలి, అల్లుడుగారికి అది బాగా తెలుసు. పెద్ద ఖర్చు మీరు పెట్టుకుంటున్నారు, అత్తగారి కాళ్ళకు నొప్పి లేకుండా ఆయన చూస్తానంటున్నారు. కాదంటే ఆయనా నొచ్చుకుంటారు. గొలుసు సంగతి ఆవిడతో నేనే చెప్పానని చెప్పండి. బారసాలకు తీసుకెళ్ళే గొలుసు ఆవిడ సొంత డబ్బుతో, ఆవిడకు తోచినంతలో చేయించడమే అందం. దానికీ సీటుకీ పోటీ పెట్టకండి.

సీటు కన్నా ముందు కొనాల్సింది ఒకటుంది. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు, అందుకే నాకు భయమేసింది. అమెరికాలో ఉన్నన్నాళ్ళకూ ఆరోగ్య బీమా. ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగులకూ పెన్షనర్లకూ వైద్యానికిచ్చే ఈహెచ్‌ఎస్ కార్డు అక్కడ చెల్లదు. ఒక రాత్రి ఆసుపత్రిలో ఉన్నా బిల్లు మీ ప్రీమియం టికెట్లను మింగేస్తుంది. ఒక్కో చికిత్సకు ఇంతే ఇస్తామని పరిమితి పెట్టే చౌక పాలసీ వద్దు. మొత్తం బిల్లులో ఇంత శాతం భరిస్తామనే పూర్తి స్థాయి పాలసీ తీసుకోండి. ముందే ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరితే వర్తిస్తుందా లేదా అని అల్లుడుగారిని ప్రత్యేకంగా చదివి చెప్పమనండి, ఆవిడకు బీపీ ఉంది కదా. ఆయన దగ్గర బీమాకో, సీటుకో ఒక్కదానికే డబ్బుంటే కళ్ళు మూసుకుని బీమాకే పెట్టించండి. మీరిద్దరూ ఎకానమీలోనే వెళ్ళండి.

జూన్‌లో తిరుగు ప్రయాణానికి కొన్ని మాటలు. మధ్యలో ఉండే నాలుగు సీట్లలో ఒక చివరి రెండు తీసుకోండి. ఆవిడ నడవా పక్కన, మీరు లోపల. లేవాల్సినప్పుడు ఆవిడ ఎవరినీ బతిమాలక్కర్లేదు. కాళ్ళకు బోలెడు చోటని అత్యవసర ద్వారం పక్క సీటు డబ్బిచ్చి కొనకండి. వీల్‌ఛైర్ అడిగినవాళ్ళను అక్కడ కూర్చోనివ్వరు. తరగతిలో మొదటి వరుసా వద్దు. చేతులు ఆనించే పట్టీ పైకి లేవదు, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకోనివ్వరు, ఉయ్యాలలో పసిపిల్లలు కూడా అక్కడే. వీల్‌ఛైర్ మాత్రం టికెట్ కొన్న రోజే అడిగి పెట్టుకోండి. అది ఉచితం, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

దుబాయ్‌లో దిగాక వెంటనే హైదరాబాద్ విమానం ఎక్కకుండా ఒక రాత్రి ఆగే టికెట్ దొరుకుతుందేమో చూడండి. మూడో టెర్మినల్ లోపలే హోటల్ ఉంది, వీసా లేకుండానే దిగొచ్చు. వాచిన కాళ్ళు తలగడ మీద ఎత్తి పెట్టుకుని ఆరు గంటలు పడుకోవడానికయ్యే ఖర్చు, తిరుగు ప్రయాణపు ప్రీమియం తేడాలో కొంతే. నిజానికి ఏ ప్రీమియం ఎకానమీ సీటూ ఇవ్వలేని సుఖం అది. ఆవిడకు ఒక సైజు పెద్ద కాన్వాసు బూట్లు మాత్రం తెనాలిలోనే కొనిపెట్టండి. జనవరిలో ఎక్కేటప్పుడు వదులుగా ఉన్నాయని విసుక్కుంటారు, డల్లాస్‌లో దిగేటప్పటికి సరిపోతాయి.